కాలవ కట్టేసినప్పుడు చూసిన ఇల్లు

ముందే ఒక మాట చెప్పాలి. నేను కాస్త పెంచి చెప్పే మనిషిని. నా మాటల్లో సగం తీసేయగా మిగిలింది మళ్ళీ సగం చేస్తే నిజం దొరుకుతుందని మా ఆవిడ అంటుంది. ఈ రాతలో మాత్రం పెంచిన చోట పెంచానని నేనే ఒప్పేసుకుంటాను. ఇది ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నది. నా గొప్పలు నమ్మి మీరు ఒక ఇల్లు బాగుందని చెబితే, అందులో చేరేది ఇంకొకళ్ళు.

నా పని గురించి బంధువులకు కూడా ఎప్పుడూ సరిగా అర్థం కాలేదు. ఇల్లు కొనబోయేవాళ్ళు పిలుస్తారు. నేను వెళ్ళి ఆ ఇంటిని తట్టి, తడిమి, అటకలెక్కి, దాని ఆరోగ్యం ఎలా ఉందో చెబుతాను. బెజవాడలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ పాతికేళ్ళు ఇదే చేశాను. యాభై నాలుగేళ్ళకే మానేశానంటే కారణం మోకాళ్ళు. నిచ్చెన ఎక్కడం వరకూ నేనే ఎక్కేవాణ్ణి, దింపడానికి మాత్రం ఇంటివాళ్ళని పిలవాల్సి వచ్చేది. పరీక్షకు వచ్చినవాణ్ణి దింపుకోవాల్సి వస్తే ఆ ఇంటి మీద నమ్మకం ఎక్కడుంటుంది?

మనకిచ్చేది ఒక పూట

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు వాస్తు సిద్ధాంతిగారికి నాలుగు రోజులిస్తారు. కాగితాలు చూసే లాయరుగారికి వారం. గోడలకి ఏ రంగు వేయించాలో తేల్చుకోవడానికి ఇంటిల్లిపాదికీ పక్షం రోజులు. గోడ నిలబడుతుందా లేదా అని చూసేవాడికి ఒక పూట. "రేపు పొద్దున అగ్రిమెంటండీ, ఇవాళ సాయంత్రం ఓసారి చూసి పెడతారా" అని ఫోను వస్తుంది. పెళ్ళయ్యాక జాతకాలు చూపించినట్టు.

దీనికి కోపం తెచ్చుకోకండి. నేను మొదటి అయిదేళ్ళు తెచ్చుకున్నాను, రక్తపోటు తప్ప ఏమీ రాలేదు. మంచిరోజు ముంచుకొస్తుంది, అమ్మేవాడు ఇంకో బేరం ఉందంటాడు, అప్పుడు గుర్తొస్తాం మనం. ఆ ఒక్క పూటలోనే పని చేయడం నేర్చుకోవాలి. ఫోనులోనే అన్ని గదుల తాళాలూ తెప్పించమని చెప్పండి. తాళం దొరకని గది ఏదైనా ఉంటే ముందు చూడాల్సింది ఆ గదినే. కరెంటు, నీళ్ళు ఉండాలనండి. పొద్దున్నే వెళ్ళండి, ఏటవాలు ఎండలో గోడ మీద గీతలు దాక్కోలేవు. కొత్తగా రంగు వేసిన చోటు కంటే, ఇల్లంతా వదిలేసి ఒక్కచోటే ఎందుకు వేశారన్నది ముఖ్యం.

ఇవన్నీ నాకు నేర్పింది రాఘవయ్యగారు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడమీద ఆయన ఆఫీసు. నేను ఆయన దగ్గర చేరిన రోజున ఒక ఇంటికి తీసుకెళ్ళి, గేటు దాకా వచ్చి, లోపలికి వెళ్ళకుండా ఎదురింటి అరుగు మీద కూర్చున్నారు. ఆ ఇంటావిడ చేత టీ పెట్టించుకుని తాగారు. అరగంట అయ్యాక, "చూడాల్సిందంతా చూశాం, ఇక లోపలికెళ్ళి సరిచూసుకుందాం పద" అన్నారు. ఆయనకి కోపం ఎక్కువ, జీతం ఇవ్వడంలో నిదానం ఎక్కువ. అయినా ఇంటి గుట్టు ఎదురింటి టీ దగ్గరే బయటపడుతుందని ఆయన చెప్పింది మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. ఆయన ఆ గుట్టుని ప్రశ్నలడిగి రాబట్టేవారు. నేను ఇంకో దారి కనిపెట్టాను, చెబుతాను.

పామర్రులో నేను చేసిన తప్పు

రాఘవయ్యగారి దగ్గర్నుంచి బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టిన రెండో ఏడు. పామర్రులో సత్యవతిగారని స్కూలు టీచరు. రిటైరయ్యే ముందు ఒక పాత పెంకుటిల్లు పడగొట్టి కట్టిన డాబా కొనుక్కుంటున్నారు. నేను వెళ్ళింది మంచి ఎండాకాలం. గోడలు తట్టాను, గంటలా మోగాయి. నేల మీద చెయ్యేస్తే కాలింది. ఇంత పొడి ఇల్లు కృష్ణా జిల్లాలో లేదని, అందులో అప్పడాలు ఆరబెట్టుకోవచ్చని చెప్పి వచ్చాను.

డెల్టాలో పుట్టినవాడు చేయకూడని తప్పు అది. మన దగ్గర ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. మళ్ళీ నాట్ల వేళకి నీళ్ళు వదులుతారు. కాలవ ఎండినప్పుడు చుట్టూ భూమి ఎండుతుంది, ఇల్లూ ఎండుతుంది. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, కొనుగోళ్ళు అన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే మనం చూసే ఇళ్ళన్నీ వాటి అసలు రూపం చూపించని రోజుల్లోనే చూస్తాం. వియ్యాలవారింట్లో మొదటి రోజు లాగా.

శ్రావణంలో ఆవిడ దగ్గర్నుంచి కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి హాల్లో జెల్ల చేపలు ఈదుతున్నాయని, ఒకదాన్ని పట్టుకుని పులుసు కూడా పెట్టారని చాలాచోట్ల చెప్పాను. ఈదలేదు. గచ్చు చెమ్మగిల్లి ఉంది, అంతే. గోడలోని అలమారలో అడుగు అరలో ఆవిడ నలభై ఏళ్ళుగా దాచుకున్న పుస్తకాలు ఉబ్బిపోయి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటిని నులకమంచం మీద పరిచి, ఒక్కొక్క పేజీ విడదీస్తూ కూర్చున్నారు. నన్ను చూసి లేచి కాఫీ తెచ్చారు. గ్లాసు నా చేతిలో పెడుతూ ఆవిడే అన్నారు.

"మీరొచ్చిన రోజున నేల పొడిగానే ఉంది గదండీ. మీ తప్పేముంది?"

తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. ఆ తర్వాత ఎండాకాలంలో చూసిన ప్రతి ఇంటి రిపోర్టు కిందా ఒక వాక్యం రాయడం మొదలుపెట్టాను: ఈ ఇంటిని కాలవ కట్టేసినప్పుడు చూశాను. కాలవ వదిలిన నలభయ్యో రోజున నేనే మళ్ళీ వెళ్ళి చూసేవాణ్ణి, పిలిచినా పిలవకపోయినా.

భూలక్ష్మిగారి ఫోను

ఇక నేను పని మానేసే ముందు చివరి రెండేళ్ళలో వచ్చిన ఒక కేసు. నాకు తెలిసినదంతా ఆ ఒక్క ఇంటి దగ్గరే అక్కరకొచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోను. వెనక కత్తిపీట చప్పుడు, మనుషుల అరుపులు. భూలక్ష్మిగారు చేపల మార్కెట్టులో వ్యాపారం చేస్తారు. బందరు వైపు సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. కంకిపాడు వైపు ఒక ఇల్లు చూసుకున్నారు. గురువారం పొద్దున అగ్రిమెంటు. శుక్రవారం నుంచి మూఢం, మూడు నెలలదాకా మంచి రోజు లేదు, అమ్మేవాళ్ళు అన్నాళ్ళు ఆగరు. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి, చివర్న ఒక మాట అడిగారు. "ఇంజనీరుగారూ, మీరు పెద్ద మేడలే చూస్తారా, చిన్న ఇల్లు కూడా చూస్తారా?"

బుధవారం పొద్దున ఏడింటికి అక్కడున్నాను. ఒకటే అంతస్తు, మూడు గదులు, వెనక చిన్న దొడ్డి, దొడ్డి వెనక కాలవ. కాలవలో చుక్క నీరు లేదు, మేకలు తిరుగుతున్నాయి. నాకు పామర్రు గుర్తొచ్చింది.

ఇంటికి ఏ రోగమూ లేదు. పునాది కుంగలేదు. శ్లాబు మీద సుత్తితో కొడితే ఎక్కడా డొల్ల చప్పుడు రాలేదు. గోలీ నేల మీద పెడితే పెట్టినచోటే ఉంది. తలుపులన్నీ ఒక వేలితో తోస్తే మూసుకున్నాయి. అయితే కాలవ వైపున్న పడమటి గదిలో గోడకి నడుం ఎత్తు దాకా తెల్ల పలకలు అతికించి ఉన్నాయి. బాత్రూముకి వేసినట్టు. మిగతా రెండు గదుల్లో లేవు.

అమ్మే సుబ్బారావుగారు మర్యాదస్తులు. మజ్జిగ ఇచ్చారు. పలకలెందుకని అడిగితే అందం కోసమన్నారు. పడగ్గదికి అంత అందం ఎందుకో అడగలేదు. మజ్జిగ తాగి ఎదురింటికి వెళ్ళాను.

నిజం రాబట్టే అబద్ధం

ఎదురింట్లో తాయారమ్మగారనే పెద్దావిడ మంచం మీద గుడ్డ పరిచి వడియాలు పెడుతున్నారు. వీళ్ళ ఇంట్లో చెమ్మ ఉంటుందా అని ఆవిడని అడిగితే ఏమంటారు? ఏమీ లేదంటారు. ఇరుగుపొరుగు వాళ్ళ బేరం చెడగొట్టిందన్న మాట ఎవరికి కావాలి? అందుకే ప్రశ్న అడక్కూడదు. మన కష్టం ఒకటి చెప్పుకోవాలి, కాస్త పెంచి. మనవాళ్ళు ఇంకొకడి కష్టం పెద్దదంటే ఊరుకోరు.

నేను అరుగు మీద చతికిలబడి, మా ఇంట్లో వానాకాలం వస్తే మంచం కోళ్ళకి పాకుడు పట్టేస్తుందని మొదలుపెట్టాను. కిందటేడు మా ఆవిడ దిండు కింద పీత దొరికిందని, దాన్ని ఆవిడ బయట పారేయనివ్వలేదని కూడా చెప్పాను. మాది రెండో అంతస్తులో ఫ్లాటు.

తాయారమ్మగారు వడియం పెట్టడం ఆపి నన్ను జాలిగా చూశారు.

"మీదీ ఒక తడేనా బాబూ? కాలవ వదిలిన పది రోజులకి మా గచ్చు చెమట పోసుద్ది. గ్యాసు బండ కింద చెక్క పెట్టకపోతే తుప్పే. ఆ సుబ్బారావుగారి పడమటి గదిలోనైతే చాప పరిచి పడుకుంటే పొద్దున్నకి పిండుకోవచ్చు. అందుకేగా మొన్న పలకలు అతికించింది."

నేను ఓడిపోయినట్టు తల ఊపాను. ఆవిడ సంతోషంగా ఇంకో వరస వడియాలు పెట్టుకున్నారు.

పిల్లలూ, ఈ పద్ధతి మీకు ఏ కాలేజీలోనూ చెప్పరు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ అబద్ధం ఎదురింటి అరుగు మీదే వదిలేసి రావాలి. పిలిచినవాళ్ళ దగ్గర ఒక అంగుళం కూడా పెంచకూడదు, తగ్గించకూడదు.

తిరిగి వెళ్ళి సుబ్బారావుగారితో పలకల వెనక ఏముందో నాకు తెలిసిందన్నాను. ఆయన తల దించుకుని, "నేను అబద్ధం చెప్పలేదండీ. వాళ్ళు అడగలేదు" అన్నారు. అదీ నిజమే. ఏం అడగాలో తెలియకే కదా వాళ్ళు నన్ను పిలుచుకున్నది.

యాభై రెండు మెట్లు

ఆ సాయంత్రం భూలక్ష్మిగారి ఇంటికి వెళ్ళాను. ఇల్లు వద్దని చెప్పడానికే వెళ్ళాను. మాట కూడా సిద్ధం చేసుకున్నాను. గవర్నర్‌పేట సందులో మూడో అంతస్తులో అద్దె వాటా. లిఫ్టు లేదు. యాభై రెండు మెట్లు, నా మోకాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టాయి.

పైన కిటికీ పక్క కుర్చీలో ఆవిడ భర్త కోటయ్యగారు ఉన్నారు. ఒకప్పుడు బోటు మీద సముద్రానికి వెళ్ళిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట తిరిగొచ్చింది, కాస్త నెమ్మదిగా. కిందికి దిగాలంటే ఇద్దరు మగవాళ్ళు మోయాలి. ఆసుపత్రికి తప్ప ఆయన నేల మీద కాలు మోపి ఏడాదిన్నర అయిందని భూలక్ష్మిగారు చెప్పారు, నీళ్ళ గ్లాసు అందిస్తూ, మామూలు సంగతి చెప్పినట్టు.

ఆయన నన్ను ఇంటి గురించి అడిగిన మొదటి మాట, గదులెన్ని అని కాదు.

"వెనక మట్టేనా అండీ? సిమెంటు చేసేశారా?"

"మట్టేనండీ."

"కాలవ కనపడుద్దా?"

"కనపడుతుంది. ఇప్పుడు నీళ్ళు లేవు."

"వదులుతార్లెండి" అని ఆయన నవ్వారు. కుదురుగా కూర్చుని, ఒకప్పుడు తన వలలో పడ్డ పండుగప్ప కథ ఎత్తుకున్నారు. బోటు ఒక పక్కకి ఒరిగిపోయిందట. అబద్ధమాడేవాడికి ఇంకొకడు తెలిసిపోతాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. "తల ఇదిగో ఇక్కడుంటే" అని కుడి చెయ్యి ఎత్తారు, "తోకేమో..." అని ఆగిపోయారు. ఎడమ చెయ్యి ఒళ్ళో అలాగే ఉంది. ఒకసారి దానివైపు చూసి, ఎత్తిన చెయ్యి దించి, కిటికీలోంచి బయటికి చూశారు. కథ అక్కడితో అయిపోయింది. భూలక్ష్మిగారు మడిచిన తువ్వాలు మళ్ళీ విప్పి మడిచారు.

అయినా చెప్పాల్సింది చెప్పాను. పలకల సంగతి, కాలవ వదిలాక గదిలోకి దిగే ఊట సంగతి, చెమ్మ ఈయన ఒంటికి మంచిది కాదన్న సంగతి. ఆవిడ చివరిదాకా విన్నారు.

"ఇల్లు కూలుద్దా?"

"కూలదమ్మా. గట్టి ఇల్లు."

"మరి నీళ్ళకేం భయం చెప్పండి. మేం నీళ్ళల్లో పుట్టినోళ్ళం. ఈయన్ని కిందికి దించేవాళ్ళు లేకే నాకు భయం. ఆ చెమ్మకి మందుందా లేదా, అది చెప్పండి మీరు."

పాతికేళ్ళలో నన్ను ఎవరూ అంత సరిగ్గా ప్రశ్న అడగలేదు. ఇల్లు బాగుందా అని చూడటం నేర్చుకున్నాను. ఎవరికి బాగుండాలి అని చూడటం ఆ పూట నేర్చుకున్నాను. పని మానేయడానికి రెండేళ్ళ ముందు.

మందు ఉంది. కాలవ వైపు గోడ బయట లోతుగా కందకం తీసి కంకర నింపితే, ఊట గోడ దాకా రాకుండా అటే పోతుంది. పలకలు ఊడగొట్టి గోడని గాలి పీల్చుకోనివ్వాలి. లోపల నేలని తొమ్మిది అంగుళాలు ఎత్తు చేసి, కింద కంకరా, ప్లాస్టిక్ షీటూ పరవాలి. చిక్కల్లా ఈ ఆఖరిదే. నేల లేస్తే తలుపులు పొట్టివవుతాయి. తలుపులూ ఎత్తాలంటే గోడలు పగలగొట్టాలి, అంత పని వాళ్ళకి వద్దు. వంగి నడిచే ఇంట్లో ఎవరుంటారని చాలామందికి ఈ మందు చెప్పి చీవాట్లు తిన్నాను.

భూలక్ష్మిగారు లేచి నా ఎదురుగా నిలబడ్డారు. ఆవిడ తల నా చొక్కా జేబుకి వచ్చింది.

"నేనింతే. ఆయన కూర్చునే మనిషి. ఇంకెవరికండీ తగిలేది?"

"నాకు."

"మీరు వంగి రండి."

కోటయ్యగారు ఒళ్ళు కదిలేలా నవ్వారు. ఆ నవ్వు ఇంట్లో విని చాలా రోజులైందని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

అక్కడే కూర్చుని ఒక పేజీ రిపోర్టు చేత్తో రాశాను. గుమ్మం నుంచి దొడ్లోకి, ఇంటి పక్కగా, అడుగు పొడవుకి ఒక అంగుళం చొప్పున దిగుతూ, మెట్టనేది లేని వాలు బాట గీసి ఇచ్చాను. కింద నా వాక్యం రాశాను, ఈ ఇంటిని కాలవ కట్టేసినప్పుడు చూశానని. గురువారం పొద్దున ఆ కాగితం సుబ్బారావుగారి ముందు పెట్టారట. ఆయన ధర కొంత తగ్గించి, పలకలు తనే ఊడదీయించారట. మూఢానికి ఒక రోజు ముందు సంతకాలయ్యాయి.

నలభయ్యో రోజు

కాలవ వదిలిన నలభయ్యో రోజున వెళ్ళాను. గుమ్మం దగ్గర తల బొప్పి కట్టింది. కొబ్బరికాయంత అని మా ఇంట్లో చెప్పాను, రేగుపండంత అనుకోండి. పడమటి గది గోడ మొత్తం చేత్తో తడిమాను. ఒక మూల మాత్రం జానెడు మేర చెమ్మ మిగిలింది. పూర్తిగా పోయిందని మీకు చెప్పను, వాళ్ళకీ చెప్పలేదు. కందకం ఆ మూల ఇంకో రెండడుగులు లాగమని రాసిచ్చాను.

దొడ్లో కాలవ నిండుగా పోతోంది. వాలు బాట చివర, చక్రాల కుర్చీలో, చెప్పులు విప్పి పాదాలు తడి మట్టి మీద పెట్టుకుని కోటయ్యగారు కూర్చున్నారు. కుడిచేతిలో గేలం కర్ర. కుడి చేత్తో, కుడి కాలితో తనే కుర్చీ తోసుకుంటూ దిగానన్నారు. పక్కన బకెట్లో వేలెడంత జెల్ల ఒకటి ఉంది. అది అసలు చేప కాదని, పొద్దున వేరేది ఒకటి గేలం తెంపుకుని పోయిందని చెప్పడం మొదలుపెట్టారు. నేను అక్కడున్న రాయి మీద కూర్చున్నాను.

"తల ఇదిగో, ఇక్కడ" అని గేలం కింద పెట్టి కుడి చెయ్యి ఎత్తారు.

గిన్నె కడుగుతున్న భూలక్ష్మిగారు చెయ్యి పైటకి తుడుచుకుంటూ వచ్చి, ఆయనకి ఎడమ పక్కన నిలబడి, తన అరచెయ్యి గాలిలో పెట్టారు. తోక ఇక్కడ అన్నట్టు.

"ఇంకాస్త అటు" అన్నారాయన.

ఆవిడ జరిగారు.

"ఇంకాస్త."

మార్కెట్టులో తూకం ముల్లు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఒప్పుకోని మనిషి, చెయ్యి అలాగే చాచి, నవ్వకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ జామచెట్టు దాకా వెళ్ళారు.

"అద్దీ. అంత" అన్నారు కోటయ్యగారు, నావైపు చూస్తూ.

కొలిచే టేపు నా జేబులోనే ఉంది. తీయలేదు.